టెర్మినల్‌లో రంగుల డాక్యుమెంటేషన్: చేయవలసినవి - చేయకూడనివి

ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా కిష్టారం లాంటి మారుమూల ఊళ్లో ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లలకు నెట్ ఎప్పుడూ అందుబాటులో ఉంటుందన్న భరోసా లేదు. సందేహం వస్తే కంప్యూటర్‌లో ముందే ఉన్న మాన్ పేజీలు, పెర్ల్‌డాక్ పేజీలే దిక్కు. పేజీలకు పేజీలు ఒకే రంగులో ఉంటే కావలసిన మాట కంటికి ఆనదు. శీర్షిక బొద్దుగా, ఫైలు పేరు ఒక రంగులో ఉంటే చప్పున దొరుకుతుంది.

పెర్ల్ డాక్యుమెంటేషన్ రాసే ఫార్మాట్ పేరు పాడ్. ఈ పనికి పెర్ల్‌తోపాటే పాడ్::టెక్స్ట్::కలర్ అనే మాడ్యూల్ వస్తుంది. రాసినవారు రస్ ఆల్బెరీ. పాడ్2టెక్స్ట్ కమాండ్‌కు -సి ఆప్షన్ ఇస్తే శీర్షికలు బొద్దుగా, ఫైలు పేర్లు సయాన్‌లో, ఇటాలిక్ మాటలు పసుపులో కనిపిస్తాయి.

టెర్మినల్‌కు రంగు మార్చమని చెప్పేది ఎస్కేప్ అక్షరం, అంటే ఆస్కీలో 27. దాని వెనక చదరపు బ్రాకెట్, 33, ఎమ్ వస్తే పసుపు. 33 బదులు 0 వస్తే మామూలు రంగు. తెర తుడిచేయడం, కర్సర్‌ను పైకి జరపడం, విండో శీర్షిక మార్చడం లాంటి ఆదేశాలు కూడా ఈ ఎస్కేప్ అక్షరంతోనే మొదలవుతాయి. కాబట్టి మీరు పెట్టిన రంగు కోడ్‌లను తప్ప దేన్నీ నమ్మకండి. కింది జాగ్రత్తల్లో చాలావరకు ఇందులోంచే పుట్టాయి.

చేయవలసినవి

1. మూల పాఠాన్ని ముందు శుభ్రం చేయండి, తర్వాతే రంగు వేయండి. బయటి నుంచి వచ్చిన డాక్యుమెంటేషన్‌లో కొత్త లైను, ట్యాబ్ తప్ప మిగతా కంట్రోల్ అక్షరాలన్నీ తీసేయండి. వరస తారుమారైతే మీరు వేసిన రంగులూ పోతాయి.

2. బైట్లను యూటీఎఫ్-8గా డీకోడ్ చేశాకే ఆ శుభ్రం చేయండి. తెలుగువారు దీన్ని తప్పకుండా గుర్తుంచుకోవాలి. ఎస్కేప్, బ్రాకెట్ రెండూ చేసే పనిని కొన్ని టెర్మినళ్లలో 155 అనే ఒక్క సంకేతమే చేస్తుంది, అందుకే దాన్నీ తీసేయాలి. అయితే ‘ఛ’ అక్షరం యూటీఎఫ్-8లో 224, 176, 155 అనే మూడు బైట్లు. బైట్ల స్థాయిలో 155ను ఏరిపారేస్తే ‘ఛత్తీస్‌గఢ్’ మొదటి అక్షరంలోనే చెడిపోతుంది. డీకోడ్ చేశాక చూస్తే ‘ఛ’ వేరు, కంట్రోల్ అక్షరం వేరు.

3. పాడ్ ఫైలు మొదట్లోనే ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ప్రకటించండి.

4. రంగు పూర్తి మాటకే వేయండి. ‘క్షే’ కంటికి ఒకటే అక్షరం, యూనికోడ్‌లో నాలుగు: క, పొల్లు, ష, ఏత్వం. మధ్యలో రంగు కోడ్ దూరితే కొన్ని టెర్మినళ్లలో గుణింతం విడిపోయి చుక్కల వలయం కనిపిస్తుంది.

5. ప్రతి రంగునూ మూసేయండి. 0 కోడ్ మరచిపోతే మీ ప్రోగ్రామ్ ముగిశాక కూడా తెర ఆ రంగులోనే ఉండిపోతుంది.

6. అవుట్‌పుట్ వెళ్లేది టెర్మినల్‌కేనా అని ప్రోగ్రామ్ చేత పరీక్ష చేయించండి. నో_కలర్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఏ విలువ ఉన్నా రంగులు ఆపేయండి. 2017 నుంచి ఎన్నో ప్రోగ్రాములు పాటిస్తున్న పద్ధతి ఇది.

7. లెస్ పేజర్‌లో చదివేటప్పుడు పెద్ద ఆర్ ఆప్షనే వాడండి. అది రంగు కోడ్‌లను, కొత్త వెర్షన్లలో లింకు కోడ్‌లను మాత్రమే తెరకు పంపుతుంది.

చేయకూడనివి

1. లెస్‌కు చిన్న ఆర్ ఆప్షన్ ఇవ్వకండి. అది ప్రతి కంట్రోల్ అక్షరాన్నీ ఉన్నదున్నట్టు టెర్మినల్‌కు వదిలేస్తుంది.

2. ఎవరు రాశారో తెలియని రీడ్‌మీ ఫైలును క్యాట్ కమాండ్‌తో నేరుగా తెరమీద కుమ్మరించకండి. దాన్ని రాసినవారు కర్సర్‌ను పైకి జరిపి, చెడ్డ లైను మీద మంచి లైను రాసి చూపించవచ్చు. మీరు చదివేది ఒకటి, ఫైలులో ఉన్నది ఇంకొకటి అవుతుంది. 2003లో హెచ్‌డీ మూర్ టెర్మినల్ ఎమ్యులేటర్ల భద్రత మీద రాసిన పత్రం ఇంతకన్నా పెద్ద ప్రమాదాన్ని చూపింది: విండో శీర్షికలో కమాండ్ పెట్టి, దాన్ని మనమే టైపు చేసినట్టు షెల్‌కు తిప్పి పంపించడం. ఇప్పటి టెర్మినళ్లు చాలావరకు ఆ దారి మూసేశాయి. పాత కంప్యూటర్లు వాడే చోట ఆ ధీమా వద్దు.

3. అనుమానం తీర్చుకోవడానికి క్యాట్ -వి మీద ఆధారపడకండి. తెలుగు అక్షరాలన్నిటినీ అది గజిబిజిగా మార్చేస్తుంది. ఏ ఆప్షనూ లేకుండా లెస్‌తో తెరవండి. తెలుగు తెలుగులాగే ఉంటుంది, దాగిన ఎస్కేప్ అక్షరం ‘ఈఎస్‌సీ’ అని రంగు తిరగబడి బయటపడుతుంది.

4. హెచ్చరికను రంగుతో మాత్రమే చెప్పకండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని చూపు ఉన్నవారు ఉంటారు, స్క్రీన్ రీడర్‌తో వినేవారూ ఉంటారు. “హెచ్చరిక: ఈ కమాండ్ ఫైళ్లను తుడిచేస్తుంది” అని మాటల్లో రాయండి, ఆ పైన ఎరుపు వేయండి.

5. అందరి తెరా నల్లగానే ఉంటుందనుకోకండి. పాడ్::టెక్స్ట్::కలర్ ఇచ్చే పసుపు తెల్లటి తెరమీద దాదాపు కనిపించదు. ఇది ప్రాథమిక నమూనాయేనని, రంగులు ఎంచుకునే వీలు ఇంకా చేర్చాలని మాడ్యూల్ డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది.

6. రంగు వేసిన పాఠాన్ని అసలు ప్రతిగా దాచుకోకండి. కోడ్‌లు అడ్డుపడితే గ్రెప్‌తో వెతికినా మాట దొరకదు. పాడ్ ఫైలునే దాచండి, రంగు చదివేటప్పుడు వేసుకోండి.

7. రూట్ అధికారంతో లాగిన్ అయి ఉండగా ముక్కూమొహం తెలియని డాక్యుమెంటేషన్ తెరవకండి.

తెర పాడైతే

అక్షరాలు పిచ్చి గీతలైనా, టైపు చేసింది కనిపించకపోయినా కంగారు పడకండి. కంట్రోల్-సి నొక్కి, రీసెట్ అని టైపు చేసి ఎంటర్ కొట్టండి. మీ అక్షరాలు తెరమీద కనబడకపోయినా షెల్‌కు అందుతాయి. అప్పటికీ కుదరకపోతే ఆ విండో మూసి కొత్తది తెరవండి. తెరను పాడుచేసిన ఫైలును శుభ్రం చేసేదాకా మళ్లీ క్యాట్ చేయకండి.

ఇతరులకు ఇచ్చే ముందు

నల్ల తెర, తెల్ల తెర, రంగుల్లేని తెర, మూడింటిలోనూ ఒక్కో పేజీ చదివి చూడండి. పాడ్2టెక్స్ట్ వెడల్పు మామూలుగా 76 అక్షరాలు. ఫోన్ టెర్మినల్‌లో చదివేవారి కోసం -డబ్ల్యూ ఆప్షన్‌తో తగ్గించండి. రంగులు తీసేసినా ప్రతి హెచ్చరికా అర్థమవుతుంటేనే ఆ పేజీని పంచండి. అడగడానికి పక్కన ఎవరూ లేని విద్యార్థి ఆ పేజీని నమ్మి కమాండ్ కొడతాడు. ఆ నమ్మకాన్ని కాపాడే బాధ్యత రాసిన మనదే.