ఆరోగ్య పాఠం: "మిలటరీలో ఏ పని చేశారు?"



కాప్రా, సైనిక్‌పురి వైపు నుండి మన ఆసుపత్రికి వచ్చే పెద్దవారిలో సైన్యంలో పనిచేసి వచ్చినవారు చాలామంది. దగ్గు, ఆయాసముతో వచ్చినప్పుడు "ఏం పని చేసేవారండీ?" అని అడుగుతాము. "మిలటరీ అండి" అంటారు. కేసు షీటు మీద అదే వ్రాసి ముందుకు వెళ్ళిపోతాము. ఈ తప్పు మాది కూడా. అడగవలసిన రెండవ ప్రశ్న ఒకటి ఉన్నది: మిలటరీలో ఏ పని?

ట్రక్కులు, జీపులు బాగుచేసే మెకానిక్కులు బ్రేకు డ్రమ్ములు విప్పి, లోపలి పొడిని గాలి కొట్టి ఊదేవారు. ఆ రోజుల్లో బ్రేకు లైనింగులలో, క్లచ్ ప్లేట్లలో ఉండేది ఆస్బెస్టాస్, అనగా రాతినార. విశాఖపట్టణం వంటి నౌకాస్థావరాలలో పనిచేసినవారి సంగతి ఇంకా కష్టము. పాత ఆవిరి ఓడలలో బాయిలర్ల చుట్టూ, పైపుల చుట్టూ ఈ నారనే దట్టంగా చుట్టేవారు. 2006 ఫిబ్రవరిలో ఫ్రాన్సు దేశము తన పాత యుద్ధనౌక క్లెమెన్సోను మన ఆలంగ్ తీరానికి విరగగొట్టడానికి పంపి, దారిలోనుండే వెనక్కి పిలిపించుకున్నది. దానిలోని ఆస్బెస్టాస్ గురించే అంత గొడవ జరిగినది.

కంటికి కనబడని ఈ నార ముక్కలు ఊపిరితిత్తులలో దిగితే కరగవు. క్యాన్సరు బయటపడటానికి సాధారణంగా 20 నుండి 40 ఏళ్ళు పట్టవచ్చు. 25 ఏళ్ళ వయసులో పీల్చిన ధూళి మనవలను ఆడించే వయసులో బాధిస్తుంది. అందుకే ఎవరికీ ఆ పాత పని గుర్తుకు రాదు. మన దేశములో దగ్గు అనగానే ముందు టి.బి. అనుకోవడము, కొన్ని నెలలు అలాగే గడిచిపోవడము కూడా ఉన్నది. భర్త యూనిఫారం దులిపి ఉతికిన భార్యకు కూడా ఈ ధూళి చేరగలదు.

"ఆయన సిగరెట్లు తాగేవారు గదా, ఇంకెవరిని అడుగుతాము?" అని కుటుంబాలు తమను తామే నిందించుకుంటాయి. ఇది సరి కాదు. 1979లో అమెరికాలో ప్రచురించిన పరిశోధనలో, ఈ రెండూ లేనివారితో పోల్చితే, ఆస్బెస్టాస్ మాత్రమే సోకినవారికి ఊపిరితిత్తుల క్యాన్సరు మరణము సుమారు 5 రెట్లు, పొగ మాత్రమే తాగినవారికి సుమారు 11 రెట్లు, రెండూ ఉన్నవారికి 50 రెట్లకు పైగా కనబడినది. అంటే సిగరెట్టు ఉన్నంత మాత్రాన ఆస్బెస్టాస్ నిర్దోషి కాదు. (పొగ మానమని మేము చెప్పేది మాత్రం ఎప్పటికీ మారదు!)

ఇక పరిహారము మాట. ఇ.సి.హెచ్.ఎస్. కార్డు మీద వైద్యము దొరుకుతున్నది గనుక ఇంక అడిగేదేమీ లేదని చాలామంది అనుకుంటారు. వైద్యము వేరు, సర్వీసు వలన వచ్చిన జబ్బుకు ఇచ్చే డిసేబిలిటీ పెన్షను వేరు. జబ్బు సర్వీసు వలన వచ్చినదనిగాని, దాని వలన ముదిరినదనిగాని తేలాలి. సర్వీసులో ఉండగానే జబ్బు బయటపడినవారికి 2013లో ధరంవీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు పెద్ద ఆధారము. 1982 నియమాల క్రింద, చేరేటప్పుడు జబ్బు ఉన్నట్లు వ్రాసి లేకపోతే, అది సర్వీసు వలన రాలేదని చూపే భారము ప్రభుత్వము మీదనే ఉంటుందని కోర్టు చెప్పినది.

రిటైరైన తరువాత బయటపడిన జబ్బుకు దారి ఇరుకు. అవే నియమాలలో, విడుదలైన 7 ఏళ్ళ లోపల కనబడిన జబ్బుకు బీజము సర్వీసులోనే పడినదని వైద్యాధికారులు నిర్ధారిస్తే ఒప్పుకోవచ్చునని ఉన్నది. 20, 40 ఏళ్ళు దాగి ఉండే జబ్బుకు 7 ఏళ్ళ కొలత ఎలా సరిపోతుంది? ఇది అన్యాయమని మా అభిప్రాయము. 2008లో, 2023లో కొత్త నియమాలు వచ్చినవి గనుక మీరు ఏ సంవత్సరము విడుదలయ్యారో ముందు చూసుకోవాలి. తప్పక వస్తుందని మేము మాట ఇవ్వలేము. కాగితాలు లేకుండా మాత్రము రాదు.

అమెరికాలో మాజీ సైనికుల శాఖ, నౌకాదళములో ఏ ఉద్యోగానికి ఆస్బెస్టాస్ సోకే అవకాశము ఎంతో పట్టిక పెట్టుకొని చూస్తుంది. ఇక్కడ ఆ ఋజువు మనమే కూర్చుకోవాలి. డిశ్చార్జి బుక్కు, పి.పి.ఓ. తీసుకొని రండి. మీ ట్రేడు, యూనిట్లు, ఓడల పేర్లు, సంవత్సరాలు ఒక తెల్లకాగితము మీద వరుసగా వ్రాయండి. వ్రాయలేని స్థితిలో ఉంటే పిల్లలు ప్రక్కన కూర్చుండి "నాన్నా, ఆ వర్క్‌షాపులో ఏం చేసేవాడివి?" అని అడిగి వ్రాసుకోవాలి. ఈ పని ఈ వారమే చేయండి, ఎందుకంటే మాట్లాడే ఓపిక తగ్గిపోతుంది. కలిసి పనిచేసిన స్నేహితులు బ్రతికి ఉంటే వారి చేత కూడా వ్రాయించండి. అదంతా డాక్టరుగారి చేత కేసు షీటులో ఎక్కించండి. సి.టి. స్కానులో ఊపిరితిత్తుల పొర మీద గట్టిపడిన మచ్చలు ఉన్నవేమో రిపోర్టులో వ్రాయమని అడగండి, అవి పాత ఆస్బెస్టాస్‌కు గుర్తు కావచ్చు. బయాప్సీ ముక్కను ఉంచిన మైనపు బ్లాకు ఎక్కడ భద్రపరచారో కనుక్కోండి.

ఇ.ఎం.ఇ., ఆర్డినెన్స్ కోర్ వారి రికార్డ్స్ ఆఫీసులు మన సికింద్రాబాదులోనే ఉన్నవి. నావికుల రికార్డులు ముంబయిలోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్‌లో ఉంటాయి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయము వారు దరఖాస్తుకు సహాయము చేస్తారు. త్రోసివేస్తే అప్పీలు ఉన్నది, ఆ పైన సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉన్నది. లూకా సువార్త 18వ అధ్యాయములోని విధవరాలు న్యాయాధిపతి దగ్గరకు ఎన్నిసార్లు వెళ్ళినదో మన సంఘములో అందరికీ తెలుసు. ఆమెను ఎవరూ ఆశపోతు అనలేదు.

సైన్యములో కాక రేకుల ఫ్యాక్టరీలో పనిచేసినవారికి వేరే దారి ఉన్నది. 1995 జనవరి 27న సుప్రీంకోర్టు, తీర్పు వ్రాసిన జస్టిస్ కె. రామస్వామి గారి ద్వారా, ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులను ఉద్యోగము మొదలైనప్పటి నుండి 40 ఏళ్ళుగాని, మానిన తరువాత 15 ఏళ్ళుగాని, ఏది తరువాత వస్తే అంతవరకు ఉంచాలని ఆదేశించినది. గనుక పాత కంపెనీని రికార్డు అడగడానికి వెనుకాడవద్దు.

తండ్రిగారు ఇప్పటికే ప్రభువునందు నిద్రించి ఉంటే, మరణము సర్వీసు వలననేనని తేలితే తల్లిగారికి స్పెషల్ ఫ్యామిలీ పెన్షను వస్తుంది. ఆయన పాత ఎక్స్‌రేలు, రిపోర్టులు పారవేయవద్దు. మరణ ధ్రువపత్రముతో కలిపి ఒకే ఫైలులో పెట్టి, ఆమెతో పాటు ఓ.పి.కి తీసుకొని రండి.