ఏది రాస్తావో వాడికి ముందే చెప్పు

చి. అమ్మలుకి,

అబ్జర్వేషన్ హోంలో కౌన్సెలర్‌గా చేరుతున్నావనీ, భయంగా ఉందన్నావనీ మీ అమ్మ చెప్పింది. ఉండనీ. మొదటి నెల ఆ మాత్రం భయం మంచిదే.

నేను చేసిన తప్పొకటి నీకు చెప్పాలి. చాలా ఏళ్ళ కిందటి మాట, ఊరి పేరెందుకులే. పదిహేనేళ్ళవాడు నెల రోజులు నాతో నోరు విప్పలేదు. క్యారమ్స్ ఆడేవాడు, అంతే. స్ట్రైకర్ కొట్టేముందు బొటనవేలి గోటితో బోర్డు అంచు గీకేవాడు. ఒక మధ్యాహ్నం ఆ గీకుడు ఆపకుండానే చెప్పాడు, నాన్న తాగొచ్చి కొడుతుంటే ఒకసారి తనూ తిరిగి చెయ్యి చేసుకున్నానని. నాకేమో ఏదో సాధించినట్టుంది. ఆ సాయంత్రమే రిపోర్టులో ‘హింసాప్రవృత్తి ఉంది’ అని రాసేశాను. చదువుకున్న మాట కదా! వాయిదా రోజు అది వాళ్ళమ్మ ఎదుటే చదివారు. వాడు నావైపు చూడలేదు. మర్నాడు క్యారమ్ బోర్డు తీస్తే ‘తలనొప్పి మేడమ్’ అన్నాడు. విడుదలయ్యేదాకా ఆ తలనొప్పి తగ్గలేదు.

అందుకని నీ దగ్గరికొచ్చే ఏ పిల్లాడికైనా మొదటి రోజే చెప్పెయ్యి: కొన్ని సంగతులు జువెనైల్ జస్టిస్ బోర్డుకి రాయాల్సొస్తుంది, ప్రాణం మీదికొచ్చేదైతే సూపరింటెండెంటుకి చెప్తాను, తక్కినవి మన మధ్యే అని. రాసింది వాడికి చదివి వినిపించు. తీసెయ్యమంటే తీసెయ్యి, కుదరకపోతే ఎందుకు కుదరదో చెప్పు.

ఇప్పుడు నీ రాతకి ఇంకా బరువెక్కువ. పదహారు నిండినవాడి మీద ఘోరమైన నేరారోపణ వస్తే, 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం బోర్డు ప్రాథమిక అంచనా వేస్తుంది. దాన్నిబట్టి వాణ్ణి పెద్దవాడిలా విచారించే దాకా వెళ్ళొచ్చు. బోర్డులో పిల్లల మనస్తత్వం చదివినవాళ్ళు లేకపోతే నిపుణుల సాయం తప్పనిసరని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ పని నీకే అప్పజెప్పబోతే, వేరేవాళ్ళని పిలవమని కాగితం మీద అడుగు. నిన్నటిదాకా ఓదార్చిన మనిషే ఇవాళ కొలతబద్ద పట్టుకుంటే వాడు ఎవర్ని నమ్మాలి? మనుషులు చాలరంటారు. చాలరు, నిజమే. అయినా అడుగు. ఒకవేళ నువ్వే చెయ్యాల్సొస్తే ‘నువ్వే చేశావా’ అని మాత్రం అడగకు. ఆ అంచనా విచారణ కాదని ఆ సెక్షన్‌లోనే వివరణ ఉంది.

ముందు నిద్ర గురించి అడుగు, తిండి గురించి అడుగు. గంజాయో వైట్‌నరో మానిన మొదటి రోజుల్లో పిల్లలకి చిరాకు, చెమటలు, నిద్రపట్టకపోవడం ఉంటాయి. స్టాఫు దాన్ని పొగరనుకుంటారు. అది డాక్టరు చూడాల్సిన సంగతని నువ్వే గట్టిగా చెప్పాలి. ములాఖత్‌కి అమ్మ రాని రోజు, బెయిలు రాని రోజు సాయంత్రం తొందరగా ఇంటికి పోకు. నేను చూసినంతలో పిల్లలు తమని తాము గాయపరచుకున్నది ఎక్కువగా ఆ రాత్రుళ్ళే.

వెళ్ళిపోయేవాళ్ళకి మానసిక సాయానికి ఫోన్ చేసే టెలీ మానస్ నంబరు 14416 చీటీ మీద రాసివ్వు. ఫోన్ లేనివాడైతే వాళ్ళమ్మ కొంగున ముడి వేయించు.

అన్నట్టు, క్యారమ్ పౌడర్ అక్కడ ఉంటుందనుకోకు. ఒక డబ్బా కొనుక్కుని వెళ్ళు.

మీ పిన్ని