మూడు చక్రాలు, ఒకే సైజు

మన పత్రికలో కథలు, కవితలు ఎక్కువ. వర్క్‌షాప్ నూనె మరకలు తక్కువ. ఆ లోటు కొంచెం తీరుద్దామని ఈసారి ఒక పాఠం రాస్తున్నాను. ఇంట్లో సొంతంగా కట్టుకునే రికంబెంట్ ట్రైక్‌కి ఏ సైజు చక్రాలు వేయాలన్నదే విషయం. రికంబెంట్ ట్రైక్ అంటే వెనక్కి ఆనుకుని కూర్చుని, కాళ్లు ముందుకు చాపి తొక్కే మూడు చక్రాల సైకిల్. ఇంటర్ ఫిజిక్స్ గుర్తుంటే చాలు, బ్రాంచ్ ఏదైనా ఫర్వాలేదు.

బండి ఎవరికి?

ఏ డిజైన్‌కైనా ఇదే మొదటి ప్రశ్న. మా బండి మా పెద్దనాన్నకి. తార్నాకలో ఉంటారు, లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో చేసి రిటైరయ్యారు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ సైకిలే. రిటైరయ్యాక కూడా పొద్దున్నే ఉస్మానియా క్యాంపస్‌లో చెట్ల కింద ఒక రౌండ్ కొట్టి, నలుగురితో మాట్లాడి వచ్చేవారు. రెండేళ్ల కింద చెవి లోపలి జబ్బు వచ్చి బ్యాలెన్స్ పోయింది. కాళ్లలో బలం అలాగే ఉంది, రెండు చక్రాల మీద మాత్రం నిలవలేరు. బయటికి వెళ్లడం ఆగిపోయాక ఇంట్లో మాట కూడా తగ్గింది. మూడు చక్రాల మీదైతే తొక్కొచ్చని డాక్టర్ చెప్పాకే పని మొదలుపెట్టాం.

ఆయన పెట్టిన షరతులు మూడు. బండి పడకూడదు. ఎత్తు ఎక్కాలి. మూడోది ఆయన మాటల్లోనే: "పంచర్ అయితే నేను దిగి నూకుకుంట రాలేను రా. ట్యూబ్ మన గల్లీల దొరకాలె. అది చూసుకో ముందుగాల." నాలుగో షరతు ఇంటి గేటుది. దాని వెడల్పు 85 సెంటీమీటర్లు.

ఆకారం ముందే తేలిపోయింది. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. చూడ్డానికి తోకకప్పలా ఉంటుంది కాబట్టి దీన్ని టాడ్‌పోల్ అంటారు. రిక్షాది దీనికి తిరగేసిన ఆకారం. మలుపులో బ్రేక్ వేస్తే బరువు ముందుకు, పక్కకు జరుగుతుంది. టాడ్‌పోల్‌లో ఆ మూల ఒక చక్రం కాసుకుని ఉంటుంది, రిక్షాలో ఉండదు. ఇక మిగిలింది చక్రాల సైజు.

ముందు పేర్ల సంగతి

ఇంటిపేరు కస్తూరివారు, ఇంటినిండా గబ్బిలాల కంపు అన్నట్టు, సైకిల్ టైర్ల మీద ఉండే అంగుళాలని నమ్మితే ఇబ్బందే. "20 అంగుళాల చక్రం" అనేది పేరే కానీ కొలత కాదు. పిల్లల సైకిళ్లకి, బీఎమ్‌ఎక్స్‌కి వచ్చే 20 అంగుళాల టైరు రిమ్ మీద కూర్చునే చోట వ్యాసం 406 మిల్లీమీటర్లు. అదే పేరుతో సన్నటి టైర్లకి ఇంకో రిమ్ ఉంది, దానిది 451. ఒకదాని టైరు ఇంకోదానికి ఎక్కదు.

ఈ గందరగోళానికి కారణం ఉంది. పాతకాలంలో గాలి నింపిన టైరు బయటి కొలతని బట్టి పేరు పెట్టారు. 406 రిమ్ మీద 47 మిల్లీమీటర్ల టైరు వేస్తే మొత్తం 406 + 47 + 47 = 500. 451 రిమ్ మీద 28 టైరు వేస్తే 507. రెండూ దాదాపు 20 అంగుళాలే, కానీ లోపలి రిమ్ములు వేరు. 26 అంగుళాలదీ ఇదే కథ. మౌంటెన్ బైక్‌ది 559, మామూలు సైకిళ్లకి వచ్చే 26 × 1⅜ ది 590. మన పాత నల్ల సైకిల్ 28 × 1½ ది 635, రేసింగ్ సైకిల్ 700సీ ది 622.

కాబట్టి టైరు పక్కన చిన్న అక్షరాల్లో ఉండే 47-406 లాంటి జంట సంఖ్య చూడండి. మొదటిది టైరు వెడల్పు, రెండోది రిమ్ వ్యాసం. షాపులో అడగాల్సింది రెండో సంఖ్యే.

ట్రైక్ వాలదు

సైకిల్ మలుపులో వాలుతుంది. అందుకే దాని చక్రం మీద బలం ఎప్పుడూ చక్రం తలంలోనే, స్పోకుల దారిలోనే పడుతుంది. ట్రైక్ వాలదు. పక్కబలం అంతా చక్రాన్ని అడ్డంగా వంచాలని చూస్తుంది.

లెక్క చూద్దాం. మనిషి 70 కిలోలు, బండి 25, సంచి 5, మొత్తం 100 కిలోలు. గంటకు 15 కిలోమీటర్లంటే సెకనుకు 4.17 మీటర్లు. 5 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపు తిరిగితే పక్కబలం 100 × 4.17² ÷ 5, అంటే దాదాపు 347 న్యూటన్లు. 35 కిలోల బియ్యం బస్తా చక్రాలని పక్కనుంచి నెట్టినట్టు. అందులో ఎక్కువ భాగం ముందు చక్రాలదే, అదీ బయటి వైపు చక్రానిది.

దీన్ని ఆపేది స్పోకుల వాలు. హబ్ రెండు అంచుల మధ్య 60 మిల్లీమీటర్లు ఉందనుకోండి, మధ్య నుంచి ఒక్కో పక్కకి 30. 559 రిమ్‌లో హబ్ అంచు నుంచి రిమ్ దాకా దూరం సుమారు 250, కోణం 6.8 డిగ్రీలు. 406 రిమ్‌లో ఆ దూరం 173 దాకా ఉంటుంది, కోణం 9.8 డిగ్రీలు. పక్కబలాన్ని ఆపే గట్టిదనం ఈ కోణం సైన్ విలువ వర్గంతో పెరుగుతుంది. కోణం ఒక్కటి చూసినా చిన్న చక్రం రెట్టింపు గట్టి. పైగా దాని స్పోకులు పొట్టివి, అది ఇంకో లాభం. పెద్ద చక్రాలు ముందు పెట్టి రోజూ మలుపులు తిప్పితే వారానికోసారి చక్రం అవుట్ తీయించుకుంటూ కూర్చోవాలి.

మరి రిక్షాలకి పెద్ద చక్రాలు ఎలా నడిచాయంటారా? వేగం తక్కువ, స్పోకులు లావు. బలం వేగం వర్గంతో పెరుగుతుంది. వేగం సగమైతే పక్కబలం నాలుగో వంతే.

స్టీరింగ్, గేటు

టాడ్‌పోల్‌లో మనిషి కూర్చునేది ముందు చక్రాల మధ్య. హ్యాండిల్ తిప్పితే చక్రం వెనక అంచు సీటు వైపు వస్తుంది. ఎంత? వ్యాసార్ధం × తిప్పిన కోణం సైన్. 30 డిగ్రీలు తిప్పితే 250 వ్యాసార్ధం చక్రం 125 మిల్లీమీటర్లు లోపలికి వస్తుంది, 330 వ్యాసార్ధం చక్రం 165. ఒక్కో పక్క 40 చొప్పున రెండు పక్కలా 80 తేడా. చేతులకీ తొడలకీ అంతే జాగా కావాలంటే బండిని 8 సెంటీమీటర్లు వెడల్పు చేయాలి.

మా డ్రాయింగ్‌లో 20 అంగుళాల చక్రాలతో టైరు అంచు నుంచి అంచు దాకా 80 సెంటీమీటర్లు. 26 వేస్తే 88. గేటు 85. ముందు చక్రాల చర్చ అక్కడితో ముగిసింది.

వెనక చక్రం: ఎత్తు ఎక్కడం

చాలా టాడ్‌పోల్ బండ్లకి ముందు 20, వెనక 26 ఉంటాయి. వేగం కావాలంటే అది మంచి జోడీయే. మాకు వేగం అవసరమా?

పళ్ల చక్రాలు మామూలు గేర్ సైకిల్‌వి. ముందు 28, 38, 48 పళ్లు, వెనక 14 నుంచి 28 దాకా. పెడల్ నిమిషానికి 60 సార్లు తొక్కుదాం. 500 మిల్లీమీటర్ల చక్రం ఒక చుట్టుకి 1.57 మీటర్లు పోతుంది. పై గేరులో గంటకు 19 కిలోమీటర్ల పైచిలుకు, కింది గేరులో 5.65. 26 అంగుళాల చక్రం చుట్టుకి 2.07 మీటర్లు. పై గేరులో 25.6, కింది గేరులో 7.45.

ఇప్పుడు 5 శాతం వాలున్న ఎత్తు అనుకోండి. 100 కిలోలని పైకి లాగడానికి 49 న్యూటన్లు, టైర్ల రాపిడికి ఇంకో 10, మొత్తం 59. కింది గేరులో చిన్న చక్రంతో కావాల్సిన శక్తి దాదాపు 92 వాట్లు. పెద్ద చక్రంతో 122. తొక్కే వేగం ఒకటే, తేడా 30 వాట్లు. అరవై దాటిన మనిషికి ఆ 30 వాట్లే ఇంటికి రావడానికీ మధ్యలో ఆగిపోవడానికీ మధ్య తేడా. సైకిల్ మీద అంత నెమ్మదిగా ఎక్కితే హ్యాండిల్ వణుకుతుంది. ట్రైక్‌కి ఆ భయం లేదు, నడక వేగంతో ఎక్కినా పడదు. ఆ సౌకర్యాన్ని వాడుకోవాలంటే వెనక కూడా చిన్న చక్రమే మేలు.

చిన్న చక్రం అంటే పిల్లల బండి అని ఎవరైనా నవ్వితే, అలెక్స్ మౌల్టన్ పేరు చెప్పండి. 1962లో ఆయన ఇంగ్లండ్‌లో 16 అంగుళాల చక్రాలకి సస్పెన్షన్ జోడించి పెద్దవాళ్ల సైకిలే తెచ్చాడు. ఆనుకుని తొక్కే బండి అంటే సోమరి బండి అంటే, ఫ్రాన్సిస్ ఫోర్ పేరు చెప్పండి. 1933లో పారిస్‌లో షార్ల్ మోషే తయారు చేసిన రికంబెంట్ మీద గంటలో 45.055 కిలోమీటర్లు తొక్కాడు. మరుసటి ఏడాది అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం అలాంటి బండ్లని పోటీల నుంచి తీసేసింది.

చిన్న చక్రానికి చెల్లించే ధర

లాభాలే చెప్తే పాఠం కాదు, ప్రకటన అవుతుంది. 25 మిల్లీమీటర్ల గట్టు ఎక్కాలంటే చక్రం మీద ఉన్న బరువులో ఎంత భాగం ముందుకు నెట్టాలో లెక్కేస్తే, 330 వ్యాసార్ధానికి 0.41, 250 కి 0.48 వస్తుంది. అంటే చిన్న చక్రానికి 17 శాతం ఎక్కువ. గుంతలోకి కూడా అది ఎక్కువగా దిగుతుంది. పైగా సైకిల్‌కి ఒక్కటే దారి, గుంతని తప్పిస్తాం. ట్రైక్‌కి మూడు దారులు, ఒకటి తప్పిస్తే ఇంకోటి పడుతుంది. దీనికి మందు లావు టైరు. 20 × 1.75 కానీ, 20 × 2.125 కానీ వేసి, గాలి రాయిలా కొట్టకుండా కొంచెం మెత్తగా ఉంచాలి.

ఇంకా చిన్నగా 16 అంగుళాలకి వెళ్లొచ్చుగా? వెళ్తే ఇరుసు ఎత్తు 25 నుంచి 20 సెంటీమీటర్లకి దిగుతుంది. పద్ధతి ప్రకారం వేసే గుండ్రటి స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. దాని మీద బండి పొట్ట తగలదు. మన కాలనీల్లో సిమెంట్ తట్టతో వేసే కట్టలు అలా ఉండవు, ఎత్తు ఎక్కువ, వెడల్పు తక్కువ. వాటి కోసం నేలకీ ఫ్రేముకీ మధ్య కనీసం 12 సెంటీమీటర్లు ఉంచుకున్నాం. 20 అంగుళాలతో అది తేలిగ్గా వచ్చింది.

బ్రేకు, ఇరుసు

ఒకే డిస్క్ బ్రేకు, ఒకే నొక్కు. నేల దగ్గర వచ్చే ఆపుబలం వ్యాసార్ధానికి విలోమం. 330 బదులు 250 అయితే 32 శాతం ఎక్కువ బలం. ఇది చిన్న చక్రం ఉచితంగా ఇచ్చేది.

ఉచితంగా రానిది ఇరుసు. ముందు చక్రాలని ఒక్క పక్క నుంచే పట్టుకుంటాం, రెండు పక్కలా ఫోర్క్ ఉండదు. పిల్లల సైకిల్ ముందు ఇరుసు 8 మిల్లీమీటర్లది, అది రెండు పక్కలా ఆధారం ఉంటుందనుకుని చేసింది. ఒంటి పక్కన పెడితే వంగుతుంది, తర్వాత విరుగుతుంది. కడ్డీ వంపు గట్టిదనం వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 8 నుంచి 12 కి వెళ్తే 5 రెట్ల పైనే. రిమ్, టైరు, ట్యూబు గల్లీలోవి వాడండి. హబ్, ఇరుసు దగ్గర మాత్రం పైసలకి చూడకండి.

మీరు కట్టుకుంటే

మేం తేల్చుకున్నది: మూడూ 406 రిమ్ములే, మూడింటికీ ఒకే టైరు, ఒకే ట్యూబు. సీటు వెనక ఒక్క ట్యూబు పెట్టుకుంటే ఏ చక్రానికైనా సరిపోతుంది. మన వీధుల్లో పిల్లల సైకిళ్లు ఉన్నంతకాలం ఆ ట్యూబు దొరుకుతుంది.

మీ జవాబు ఇదే కానక్కర్లేదు. ఊరి బయట రోడ్డు మీద దూరం పోవాలనుకునేవాళ్లకి వెనక 559 మంచిది. ఎవరైనా సరే ఈ వరుస పాటించండి. ముందు తొక్కే మనిషిని అడగండి. గేటు, మెట్లు, లిఫ్ట్ టేపుతో కొలవండి. దారిలో అన్నింటికంటే నిటారు ఎత్తు ఎక్కడుందో చూసి, కింది గేరు లెక్క వేయండి. దగ్గరి పంచర్ షాపుకెళ్లి ఏ ట్యూబులు ఎప్పుడూ ఉంచుతారో కనుక్కోండి. ఆ తర్వాతే ఫ్రేముకి ఇనుము కొనండి, ఎందుకంటే వెల్డింగ్ అయ్యాక చక్రం సైజు మార్చడమంటే మళ్లీ మొదటి నుంచి కట్టడమే. రోడ్డెక్కే ముందు సీటు వెనక ఎత్తైన కర్రకి ఎర్ర జెండా కట్టడం మరవకండి. కింద కూర్చున్న మనిషి బస్సు డ్రైవర్‌కి కనబడేది దానివల్లే.