అశోక్‌నగర్‌లో చదువుకుంటున్న బిడ్డకు

నల్లగొండ,
ఆదివారం

బిడ్డా,

నువ్వు పంపిన మెసేజ్ రెండు రోజులుగా మనసులోంచి పోవడం లేదు. 'ఈ మూడేళ్లు నాకు నేర్పింది ఒక్కటే, కష్టపడ్డా లాభం లేదు' అని రాశావు. ఫోన్ చేస్తే 'సరే పెద్దమ్మా' అని పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

నీకు అన్యాయం జరగలేదని నేననను. 2022 అక్టోబరు 16న గ్రూప్-1 ప్రిలిమ్స్ రాశావు. పేపర్ లీకైందని తేలి మార్చిలో రద్దు చేశారు. 2023 జూన్ 11న మళ్లీ రాస్తే, బయోమెట్రిక్ తీసుకోలేదన్న కారణం మీద సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ కొట్టేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులకు కొత్త నోటిఫికేషన్ వచ్చింది. జూన్ 9న మూడోసారి రాశావు, మెయిన్స్ జాబితాలో నీ నంబరు లేదు.

మూడు దెబ్బలు తగిలాయి, నిజమే. అయితే మూడింటినీ ఒకే మూటలో కట్టి ఒకే పాఠం తీశావు. మొదటి రెండూ నీ చదువు గురించి ఒక్క ముక్క కూడా చెప్పవు. వాటి మీద కోపం రావాల్సిందే, వచ్చింది, న్యాయమే. నీ గురించి చెప్పింది మూడోది. 150 ప్రశ్నల్లో చెప్పింది. నీ ఓఎంఆర్ కాపీని తుది కీతో పక్కపక్కన పెట్టి చూసుకున్నావా? తప్పులన్నీ ఒక్క తీరువి ఉండవు. అసలు చదవనివి కొన్ని, చదివీ మరిచిపోయినవి కొన్ని, 'సరికానిది ఏది' అన్న మాట గమనించక సరైనదాన్ని నింపి వచ్చినవి కొన్ని. ఈ చివరి రకానికి ఇంకో కోచింగ్‌లో చేరినా మందు దొరకదు. ముప్పై ఏళ్లు పిల్లల జవాబు పత్రాలు దిద్దినదాన్ని, ఆ అనుభవంతో చెబుతున్నాను.

మీ హాస్టల్ సందు మొదట్లో ఇడ్లీ బండి పెట్టే అమ్మ గురించి నువ్వే చెప్పావు, గుర్తుందా? రాత్రి బండి కట్టేసేటప్పుడు గిన్నె వంచి మిగిలిన పిండి చూసుకుంటుందని, పరీక్ష రోజున హాస్టళ్లు ఖాళీ అవుతాయని ముందురోజే పప్పు తక్కువ నానబోస్తుందని. పిండి మిగిలితే ఆమె ముందు కారణం వెతుకుతుంది. వాన పడిందా, సెలవా, చట్నీలో ఉప్పెక్కువైందా? వానైతే మర్నాడు మామూలుగానే నానబోస్తుంది. చట్నీ అయితే చెయ్యి మారుస్తుంది. నువ్వు రోజూ ఆమె చేతి ఇడ్లీ తింటున్నావు, ఆ లెక్క మాత్రం నీ చదువుకు వాడుకోలేదు.

నువ్వు చిక్కడపల్లి నుంచి నారాయణగూడ వైపు వెళ్తుంటావు కదా, అక్కడ మాడపాటి హనుమంతరావుగారి పేరుతో బాలికల బడి ఉంది. దాని వెనుక కథ నీ సిలబస్‌లోనే ఉంది. 1921 నవంబరులో వివేకవర్ధని థియేటర్‌లో కర్వే పండితుడి అధ్యక్షతన సంఘసంస్కరణ సభ జరిగింది. ఇతర భాషల్లో మాట్లాడినవాళ్లను జనం విన్నారు. ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మొదలుపెట్టగానే గేలి చేశారు. ఈ ఊళ్లో తెలుగుకు చోటు లేదని ఆ రాత్రే తేల్చుకుని ఇంటికి పోవచ్చు, ఎవరూ తప్పుపట్టరు. కొద్దిమంది మాత్రం టేకుమాల రంగారావుగారింట్లో కూర్చుని తెలుగువాళ్ల కోసం ఆంధ్ర జనసంఘం పెట్టారు. వాళ్లలో మాడపాటివారు ఒకరు. ఆ బడి 1928లో పుట్టింది. గేలి అందరికీ ఒకటే వినపడింది, వాళ్లు దానికి ఇచ్చిన అర్థం వేరు. నువ్వు దీన్ని సంవత్సరాల కోసం బట్టీ పట్టావు. ఒకసారి మనుషుల కోసం చదువు.

ఒక చిన్న నోట్‌బుక్ కొనుక్కో బిడ్డా. రాత్రి పడుకునే ముందు నాలుగు ముక్కలు రాయి. ఆ రోజు ఏం జరిగిందో, నువ్వేం అనుకున్నావో విడివిడిగా రాయి. 'లైబ్రరీలో నా సీటు పోయింది' అన్నది జరిగింది. 'నాకెక్కడా చోటు లేదు' అన్నది నువ్వనుకున్నది. చిక్కడపల్లి లైబ్రరీలో గేటు తెరవకముందే బ్యాగులు వరుసకట్టి ఉంటాయని నీకూ తెలుసు. ఆలస్యంగా పోతే ఎవరికైనా సీటు పోతుంది. ప్రతి రోజులోంచీ పాఠం పిండాలని చూడకు. కొన్ని రోజులు ఉత్తి రోజులే, తిని పడుకో. టాపర్ల ఇంటర్వ్యూల్లోంచి మాటలు ఎత్తి అందులో రాయకు. అవి వాళ్ల బతుకులోంచి వచ్చినవి.

పరీక్షలు రాయడం మానేస్తానన్నా నాకు అభ్యంతరం లేదు, మీ అమ్మకు నేను చెప్తాను. ఆ ఓఎంఆర్, కీ చూసి, నీ తప్పులు లెక్కపెట్టుకుని మానెయ్. అలిగి మాత్రం మానకు.

వచ్చే ఆదివారం ఫోన్ చెయ్యి. మార్కులెన్నని అడగను. ఆ ఓఎంఆర్‌లో ఏ రకం తప్పులు ఎక్కువున్నాయో, అది ఒక్కటి చెప్పు చాలు.

ప్రేమతో,
నీ పెద్దమ్మ