లోహపు గాజు

గాజు అనగానే పారదర్శకత, పెళుసుదనం స్ఫురిస్తాయి. లోహం అనగానే మెరుపు, సాగే గుణం గుర్తుకు వస్తాయి. ఈ రెండు పదాలను జోడించి ‘లోహపు గాజు’ అనడం వింతగా తోచవచ్చు. శాస్త్రజ్ఞుల దృష్టిలో గాజుతనం ఇసుకకు మాత్రమే చెందిన గుణం కాదు, పరమాణువుల అమరికకు సంబంధించినది. కరిగిన లోహం చల్లబడేటప్పుడు పరమాణువులు బారులు తీరి స్ఫటికాలవుతాయి. బారులు తీరే వ్యవధి ఇవ్వకుండా చల్లార్చితే ద్రవంలోని క్రమరాహిత్యం అలాగే ఘనీభవిస్తుంది.

1960లో కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పోల్ డ్యూవే, ఆయన సహచరులు ఈ పని సాధించారు. నిజానికి వారు గాజు కోసం వెదకలేదు. వెండి, రాగి ఘనస్థితిలో ఎంతవరకు కలిసిపోతాయన్నది వారి ప్రశ్న. ఆ ప్రయోగాల వరుసలోనే బంగారం, సిలికాన్‌ల మిశ్రమాన్ని చల్లని రాగి తలంపైకి చిమ్మి, సెకనుకు సుమారు 10 లక్షల డిగ్రీల వేగంతో చల్లార్చారు. చేతికి వచ్చినది పలుచని రేకు తునక.

పరిశోధకునికి ఆ తునక చాలు, కర్మాగారానికి చాలదు. వేగంగా తిరిగే రాగి చక్రంపైకి ద్రవలోహాన్ని సన్నని ధారగా వదిలి, ఎడతెగని పట్టీగా తీసే పద్ధతి ఆ కొరత తీర్చింది. 1970ల్లో అమెరికాలోని అలైడ్ కెమికల్ సంస్థ ఇటువంటి పట్టీలను ‘మెట్‌గ్లాస్’ పేరుతో విక్రయించింది. అయితే పట్టీ మందం 25 మైక్రాన్ల ప్రాంతంలోనే, అంటే తలవెంట్రుక కన్నా పలుచగా ఉండేది. మందం పెరిగితే లోపలి వేడి సకాలంలో బయటికి పోదు, స్ఫటికాలు తలెత్తుతాయి.

లోపమనుకున్న ఆ పలుచదనమే ట్రాన్స్‌ఫార్మర్‌లో వరమైంది. వీధి మూలనున్న ట్రాన్స్‌ఫార్మర్, ఊరంతా దీపాలార్పి నిద్రించే వేళ కూడా కొంత విద్యుత్తును వృథా చేస్తూనే ఉంటుంది. దాని ఇనుప గర్భంలో అయస్కాంతత్వం సెకనుకు 50 పర్యాయాలు అటూ ఇటూ తిరగడమే ఇందుకు ప్రధాన కారణం. ఇనుము, బోరాన్, సిలికాన్‌ల గాజుపట్టీలో స్ఫటికాల అడ్డు లేదు కనుక అయస్కాంతత్వం సులువుగా తిరుగుతుంది. పలుచన కనుక సుడి విద్యుత్ప్రవాహాలు బలపడవు. సాధారణ సిలికాన్ ఉక్కుతో పోలిస్తే ఈ నష్టం మూడింట రెండు వంతుల వరకు తగ్గుతుంది.

అయినా పరిశ్రమ వెంటనే తలుపులు తెరవలేదు. పట్టీ కాఠిన్యానికి కత్తిరించే పనిముట్లు త్వరగా అరిగిపోయాయి. అయస్కాంత గుణం మెరుగుపడేందుకు వేడి చేస్తే పట్టీ పెళుసుబారింది. ఉక్కు భరించినంత అయస్కాంత సాంద్రతను అది భరించదు; అందువల్ల గర్భం పెద్దదైంది, ధర పెరిగింది. కొనేటప్పటి ధరను మాత్రమే చూసేవారికి అది ఖరీదైన వస్తువు. ఏళ్ల తరబడి ఆదా అయ్యే విద్యుత్తును కూడా లెక్కించేవారికి లాభసాటి.

భారతదేశంలో కాశీ హిందూ విశ్వవిద్యాలయం ఈ రంగానికి తొలి నెలవులలో ఒకటి. అక్కడ టి.ఆర్. అనంతరామన్, తెలుగువాడైన పచ్చా రామచంద్రరావు శీఘ్ర ఘనీభవనంపై విశేష కృషి చేశారు.

మందమైన గాజు కోసం అన్వేషణ వేరొక దారి పట్టింది. పరిమాణంలో భిన్నమైన పరమాణువులు గల మూలకాలను కలిపితే, అవి బారులు తీరడం కష్టమవుతుంది. జపాన్‌లోని తోహోకు విశ్వవిద్యాలయంలో అకిహిసా ఇనోవే బృందం ఈ దిశలో ముందంజ వేసింది. కాలిఫోర్నియాలో విలియం జాన్సన్, అటాకన్ పెకర్ 1990ల ఆరంభంలో జిర్కోనియం, టైటానియం, రాగి, నికెల్, బెరీలియంలను కలిపి సెంటీమీటర్ల మందాన్ని సాధించారు. దానితో చేసిన తొలి వాణిజ్య వస్తువులలో గోల్ఫ్ కర్ర ఒకటి. అంతటి పరిశోధన చివరకు ఆటవస్తువుగా అంగడికెక్కడం కొందరికి చిన్నతనంగా తోచి ఉండవచ్చు. బంతిని తాకిన శక్తిని అంతగా తిరిగి ఇచ్చే లోహం మాత్రం అరుదు. లాగుడు బలం హద్దు మీరితే ముందు సూచన లేకుండా విరిగిపోవడం దాని బలహీనత. వంతెనల కమ్మీలకు ఇంజనీర్లు ఇప్పటికీ ఉక్కునే ఎంచుకుంటారు.