పసిపిల్లలకు ధర్మబోధ: చేసి చూపించడమే ప్రవక్త (స) పద్ధతి

అల్లాహ్ మానవులను వారి తల్లుల గర్భాల నుంచి ఏమీ తెలియని స్థితిలో బయటికి తీశాడనీ, వారు కృతజ్ఞులై మెలగాలని వారికి వినికిడిని, చూపును, హృదయాన్ని ప్రసాదించాడనీ దివ్య ఖుర్ఆన్ (16:78) తెలుపుతోంది. జ్ఞానం మనిషిలోకి ప్రవేశించే ద్వారాలు ఇవే. అయితే మన మక్తబ్‌లలో అయిదు నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు మనం సాధారణంగా ఒక్క ద్వారాన్నే తెరుస్తున్నాం. అది చెవి. ఉస్తాద్ చెబుతారు, పిల్లలు వింటారు, తిరిగి అప్పజెబుతారు. కన్నూ, చెయ్యీ ఖాళీగానే ఉండిపోతాయి. ఇక హృదయం సంగతి చెప్పనవసరం లేదు.

కంఠస్థం చేయించడం అనవసరమని మా ఉద్దేశం ఎంతమాత్రం కాదు. దివ్య ఖుర్ఆన్ తరతరాలుగా హృదయాలలో భద్రంగా ఉన్నది కంఠస్థం వల్లనే. సూరాలు, దుఆలు నోటికి రావలసిందే. కాని వుజూ, నమాజు, జకాత్ వంటివి నోటితో అప్పజెప్పే పాఠాలు కావు, శరీరంతో చేసే ఆచరణలు. ఆచరణను చెవి ద్వారా మాత్రమే నేర్పితే ఏమవుతుందో మా అనుభవంలోనే చూశాం.

మాకు కనువిప్పు కలిగించిన సంఘటన

కొన్నేళ్ల క్రితం మేము ఒక పల్లెలోని మక్తబ్‌లో బోధించేవాళ్లం. ఏడేళ్ల బాలుడొకడు వుజూలోని నాలుగు ఫర్జులను ఉర్దూలో గడగడా అప్పజెప్పాడు. అందరి ముందూ అతన్ని మెచ్చుకున్నాం. అదే రోజు మరో బాలుడు రెండో ఫర్జు దగ్గరే తడబడ్డాడు. అతనికి బెత్తం దెబ్బ పడింది. మర్నాటి నుంచి వాడు మక్తబ్‌కు రావడం మానేశాడు.

రెండు రోజుల తర్వాత అస్ర్ నమాజు వేళ మస్జిద్ కొళాయి దగ్గర మొదటి బాలుణ్ణి గమనించాం. మణికట్ల వరకే చేతులు కడుక్కుని సఫ్‌లోకి పరుగెత్తబోతున్నాడు. ఆపి, "కుహ్నియోం సమేత్ అని నువ్వే కదా చెప్పావు?" అని అడిగాం. వాడు అమాయకంగా, "హజ్రత్! కుహ్నీ అంటే ఏంటి?" అన్నాడు. వాళ్లింట్లో మాట్లాడేది తెలుగు. 'మోచేయి' అని ఒక్కసారి ముట్టుకుని చూపించి ఉంటే సరిపోయేది.

దెబ్బ తిన్న బాలుడు అదే సమయంలో తన తాత పక్కన కూర్చుని వుజూ చేస్తున్నాడు. మోచేతులు, చీలమండలు, కాలివేళ్ల సందులు, అన్నీ సరిగ్గా కడుగుతున్నాడు. తాతను చూసి నేర్చుకున్నాడన్నమాట! తెలిసినవాణ్ణి కొట్టాం, తెలియనివాణ్ణి మెచ్చుకున్నాం. ఆ రాత్రి వాళ్లింటికి వెళ్లి తాతగారి ముందే ఆ పిల్లవాడితో మా తప్పు ఒప్పుకున్నాం. కొన్నాళ్లకు వాడు మళ్లీ మక్తబ్‌కు వచ్చాడు. బెత్తం మాత్రం ఆ రోజుతోనే పోయింది.

మహాప్రవక్త (స) ఎలా నేర్పారు?

ఆ తర్వాత హదీసు గ్రంథాలను ఈ దృష్టితో మరోసారి తిరగేశాం. మహాప్రవక్త (స) బోధనలో చేసి చూపించడం ఎంత ఎక్కువగా ఉందో చూసి మాకే ఆశ్చర్యం వేసింది.

ఒకసారి ఆయన (స) దారిలో వెళుతుండగా ఒక యువకుడు గొర్రె తోలు ఒలుస్తూ కనిపించాడు. అతనికి ఆ పని సరిగ్గా రావడం లేదు. దైవప్రవక్త (స) అతన్ని పక్కకు జరగమని, తాను చూపిస్తానని చెప్పి, స్వయంగా తన చేతిని తోలుకూ మాంసానికీ మధ్య చంక వరకు జొప్పించి చూపించారు (అబూదావూద్). తోలు ఒలవడం గురించి ప్రసంగం చేయలేదు.

ఒకసారి ఆయన (స) మింబర్ మీద నిలబడి నమాజు చేయించారు. సజ్దా కోసం మాత్రం కిందికి దిగారు. ప్రజలు చూసి తన నమాజును నేర్చుకోవాలనే అలా చేశానని తర్వాత వివరించారు (బుఖారీ, ముస్లిం). హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) చేతిని తన రెండు అరచేతుల మధ్య పెట్టుకుని ఆయనకు తషహ్హుద్ నేర్పారు. నేల మీద గీతలు గీసి మనిషి ఆశలనూ, అతని ఆయుష్షునూ వివరించారు. సహాబాలు కూడా ఇదే బాటలో నడిచారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) నీళ్లు తెప్పించి, అందరి ఎదుటా వుజూ చేసి, దైవప్రవక్త (స) వుజూ చేస్తుండగా తాను చూసింది ఇలాగేనని తెలిపారు.

దివ్య ఖుర్ఆన్‌లో ఆదం (అలై) కుమారుల వృత్తాంతం చూడండి. సోదరుణ్ణి చంపినవాడికి శవాన్ని ఎలా కప్పిపెట్టాలో తెలియలేదు. అల్లాహ్ ఒక కాకిని పంపాడు. అది నేలను తవ్వి చూపించింది (5:31). చూసి నేర్చుకోవడం మనిషి స్వభావంలోనే ఉందని దీనివల్ల అర్థమవుతోంది.

మక్తబ్‌లో చేయించదగిన అయిదు పనులు

వీటికి ఖర్చు దాదాపు లేదు. చింతగింజలు, సుద్దముక్కలు, ఇసుక, ఒక తాడు, ఒక కర్ర ఉంటే చాలు.

1. సుద్దపొడితో వుజూ: పిల్లలను ఇద్దరేసి జతలుగా చేయండి. ఒకరు వుజూ చేస్తుంటే రెండోవారు చూడాలి. వుజూ చేసే పిల్లవాడి మోచేతులకు, మడమలకు ముందుగా కాస్త సుద్దపొడి రాయండి. వుజూ పూర్తయ్యాక ఎక్కడ తెల్లగా మిగిలిందో అక్కడ నీళ్లు సరిగ్గా చేరలేదన్నమాట. పిల్లలు నవ్వుకుంటూ మళ్లీ కడుగుతారు. మడమలు పొడిగా వదిలేసిన వారిని మహాప్రవక్త (స) గట్టిగా హెచ్చరించిన సంగతి అప్పుడు చెబితే ఇక మరచిపోరు. కొళాయి బదులు ఒక్కొక్కరికి ఒక లీటరు నీళ్ల సీసా ఇవ్వండి. దైవప్రవక్త (స) ఒక ముద్ నీటితో వుజూ చేసేవారని హదీసు. ముద్ అంటే లీటరు మించని చిన్న కొలత. నీటిని వృథా చేయకూడదనే పాఠం కూడా ఇందులోనే వచ్చేస్తుంది.

2. ఇసుక పళ్లెంలో అక్షరాలు: వెడల్పాటి పళ్లెంలో సన్నని ఇసుక పోసి వేలితో అక్షరం రాయించండి. బా, తా, సా మూడింటిదీ ఒకే పడవ ఆకారం. తేడా చుక్కలలోనే ఉంది. పడవను ఇసుకలో గీయించి చింతగింజలను చుక్కలుగా పెట్టించండి. కింద ఒక గింజ పెడితే బా, పైన రెండు పెడితే తా, మూడు పెడితే సా. అలాగే జీమ్‌కు కడుపులో గింజ, హాకు ఏమీ లేదు, ఖాకు పైన ఒకటి. గింజను జరిపినప్పుడల్లా పిల్లవాడు ఆ అక్షరాన్ని పలకాలి. ఖాయిదాలో వారాల తరబడి తికమకపడే పిల్లలు కూడా ఈ ఆటతో తొందరగా పట్టుకోవడం చూశాం. ఒక్క జాగ్రత్త: ఇసుకలో విడి అక్షరాలే రాయించాలి. అల్లాహ్ నామం, ఖుర్ఆన్ వాక్యాలు రాయించకూడదు.

3. కర్ర నీడతో నమాజు వేళలు: జిబ్రీల్ (అలై) రెండు రోజులు వచ్చి దైవప్రవక్త (స)కు నమాజు చేయించి వేళల ఆరంభాన్నీ, ముగింపునూ చూపించారు. వేళల పాఠం కూడా చూపించి నేర్పినదే! సెలవు రోజున ఆవరణలో మూరెడు కర్రను నిటారుగా పాతండి. ఉదయం నుంచి గంటకోసారి నీడ కొస దగ్గర పిల్లలతో ఒక రాయి పెట్టించండి. నీడ తగ్గుతూ తగ్గుతూ వచ్చి, మళ్లీ తూర్పువైపుకు పెరగడం మొదలవుతుంది. అదే జుహర్ వేళ ప్రారంభం. మధ్యాహ్నపు నీడను మినహాయించి, నీడ కర్రంత పొడవైతే ఎక్కువమంది ఇమాముల ప్రకారం, రెండు కర్రలంత పొడవైతే ఇమాం అబూ హనీఫా (రహ్మ) ప్రసిద్ధ అభిప్రాయం ప్రకారం అస్ర్ వేళ మొదలవుతుంది. హైదరాబాద్ ప్రాంతంలో మే రెండో వారంలోనూ, ఆగస్టు మొదటి వారంలోనూ మిట్టమధ్యాహ్నం నీడ దాదాపు మాయమవుతుంది. ఆ రోజుల్లో చూపిస్తే పిల్లలకు మరీ వింతగా ఉంటుంది. మన ప్రాంతంలో ఖిబ్లా సరిగ్గా పడమర కాదనీ, కొద్దిగా ఉత్తరానికి ఒరిగి ఉంటుందనీ అక్కడే చూపించవచ్చు. సూర్యుణ్ణి నేరుగా చూడవద్దని మాత్రం ముందే చెప్పాలి.

4. వేళ్లతో నెల, కంటితో చంద్రుడు: దైవప్రవక్త (స) తన చేతివేళ్లను మూడుసార్లు చూపి నెలకు 30 రోజులని, మరోసారి చూపుతూ చివర బొటనవేలు ముడిచి 29 రోజులని తెలియజేశారు (బుఖారీ, ముస్లిం). పిల్లలతో ఇలాగే చేయించండి. ఆపై ఒక కాగితం మీద 30 గళ్లు గీసి ఇంటికి పంపండి. మగ్రిబ్ తర్వాత తండ్రితోనో తల్లితోనో కలిసి చంద్రుణ్ణి చూసి, ఆ రోజు గడిలో ఆ ఆకారం గీయాలి. పౌర్ణమి దాటాక చంద్రుడు రోజురోజుకూ ఆలస్యంగా ఉదయిస్తాడు కనుక ఆ రోజుల్లో ఫజ్ర్ తర్వాత చూడాలి. ఈ పనితో ఇంట్లోని పెద్దలకు కూడా హిజ్రీ నెలల పేర్లు గుర్తుకొస్తాయి!

5. చింతగింజల జకాత్: ఎనిమిదేళ్ల పిల్లలకు 40 గింజలు లెక్కపెట్టి ఇవ్వండి. వాటిలో ఒకటి తీసి పక్కన పెట్టమనండి. రెండున్నర శాతం అంటే ఇదే. 80 ఇస్తే రెండు, 200 ఇస్తే అయిదు. తీశాక మిగిలిన కుప్పను చూడమనండి. ఎంత తగ్గిందో కంటికే ఆనదు. అల్లాహ్ మన నుంచి అడిగింది ఎంత తక్కువో, మన దగ్గర ఉంచింది ఎంత ఎక్కువో ఆ కుప్పే చెబుతుంది. పెద్దయ్యాక జకాత్ తీసేటప్పుడు చెయ్యి వణకకుండా ఉండాలంటే ఈ వయసులోనే ఆ కుప్పను చూడాలి.

ఇక నమాజు అభ్యాసానికి నేల మీద తాడు పరచి సఫ్ సరిచేయించడం, ఖియామ్, రుకూ, సజ్దా వంటి పేర్లను చీటీల మీద రాసి వరుసక్రమంలో పేర్పించడం కూడా మంచి పద్ధతులే.

కొన్ని జాగ్రత్తలు

ఇవి ఆటలే అయినా లక్ష్యం ఆట కాదు. ప్రతి పనికి ముందు బిస్మిల్లాహ్, చివర ఒక్క మాటలో ఆ రోజు పాఠం ఉండాలి. గంటసేపు జరిగే మక్తబ్‌లో అరగంట ఖాయిదా లేదా ఖుర్ఆన్ పాఠానికి, పావుగంట పాత పాఠానికి, పావుగంట చేతిపనికి కేటాయిస్తే చాలు. ఓడినవారిని ఎగతాళి చేయనివ్వకూడదు. కష్టమైన ఉర్దూ, అరబీ పదం వచ్చినప్పుడల్లా పిల్లవాడి ఇంటి భాషలో దాని పేరు చెప్పి చూపించాలి.

ఇలా ఆడిస్తే పిల్లలకు ఉస్తాద్ అంటే భయం పోతుందని కొందరు పెద్దలు అభ్యంతరం చెబుతారు. మృదుత్వం ఏ విషయంలో ఉన్నా దానికి అందం తెస్తుందని మహాప్రవక్త (స) ప్రవచించారు (ముస్లిం). పిల్లలను ఆటలకు దూరంచేసి ఎప్పుడూ చదువుకే కట్టిపడేస్తే వారి హృదయం చచ్చిపోతుందని ఇమాం గజాలీ (రహ్మ) 'ఇహ్యా ఉలూముద్దీన్'లో హెచ్చరించారు. విద్యార్థుల పట్ల కాఠిన్యం వారిలో అబద్ధాన్నీ, కపటాన్నీ పెంచుతుందని ఇబ్నె ఖల్దూన్ (రహ్మ) తన 'ముఖద్దిమా'లో రాశారు. పోవలసింది ఉస్తాద్ అంటే ఉన్న భయం. ఉండవలసింది గౌరవం.

తల్లిదండ్రులకు ఒక మాట

ఏడేళ్లు వచ్చాక పిల్లలకు నమాజు గురించి ఆదేశించమని మహాప్రవక్త (స) తల్లిదండ్రులకు ఆజ్ఞాపించారు. ఆ బాధ్యతను మక్తబ్‌కు అప్పగించి చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. రోజంతా స్కూల్లో కూర్చుని వచ్చిన పసివాడు సాయంత్రం మక్తబ్‌కు వస్తున్నాడు. ఇంటికి రాగానే "ఏం అప్పజెప్పావు?" అని అడగడం మనకు అలవాటు. ఇకపై "ఏం చేశావు? నాకూ చేసి చూపించు" అని అడగండి. అతని పక్కన కూర్చుని మీరూ వుజూ చేయండి. మేము చూసిన ఆ బాలుడికి అసలైన ఉస్తాద్ మేము కాదు, వాళ్ల తాతగారు. ఆయన చేసిందల్లా ఒక్కటే, మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని రోజూ సరిగ్గా వుజూ చేశారు.

అల్లాహ్ మన సంతానాన్ని మన కళ్లకు చలువగా చేయుగాక! మనం నేర్పేది ముందుగా మనం ఆచరించే భాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.