ముప్పైల్లో నర్సింగ్‌కు మారాలంటే డబ్బు ఏ వరసలో సర్దుకోవాలి

అచ్యుతాపురం బ్రాండిక్స్‌లో కుట్టుమిషను ముందు కూర్చునే ఒకమ్మాయి ఇంటర్ బైపీసీతో చదువు ఆపేసింది. పరవాడ ఫార్మాసిటీ ల్యాబులో పనిచేసే ఇంకో అమ్మాయి బైపీసీ తర్వాత బీఎస్సీ కూడా చేసింది. ఇద్దరికీ నర్సింగ్ మీదికి మనసు పోయిందనుకోండి. ఖర్చుకు సర్కారు సాయం అందే అవకాశం ఎవరికెక్కువ? డిగ్రీ లేని అమ్మాయికే. విడ్డూరమే గానీ, అనకాపల్లిలో ఉద్యోగం మానేసి నర్సింగులో చేరాలనుకునేవాళ్లు లెక్క ఇక్కడే మొదలుపెట్టాలి.

మొదట కాలం లెక్క. వేరే డిగ్రీ ఉందని మన దేశంలో ఎమ్మెస్సీ నర్సింగులోకి నేరుగా తీసుకోరు. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, రిజిస్ట్రేషన్ అయ్యాక ఏడాది ఉద్యోగం, 55 శాతం మార్కులు ఉంటే అప్పుడు రెండేళ్ల ఎమ్మెస్సీ. మొత్తం ఏడేళ్లు. జీఎన్ఎం దారిలో వెళితే మూడేళ్ల డిప్లొమా, రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ, ఏడాది అనుభవం, ఆపైన ఎమ్మెస్సీ; ఎనిమిదేళ్లు పడుతుంది. బీఎస్సీకి ఇంటర్‌లో సైన్సు ఉండాలి. జీఎన్ఎంలో ఇతర గ్రూపులవాళ్లకూ అవకాశం ఉంది గానీ, 35 ఏళ్లు దాటితే తీసుకోరు. అమెరికాలో ఉన్న మన ఊరి ఆడపడుచులు పాత డిగ్రీ చూపించి ఏడాదీ ఏడాదిన్నరలో నర్సింగ్ డిగ్రీ పూర్తిచేస్తున్నారని విని ఇక్కడా అలాగే అనుకోవద్దు. అక్కడ పాత డిగ్రీ దారి తగ్గిస్తుంది. 

రెండో పని, ఏ సాయం మీకు అందదో ముందే తెలుసుకోవడం. ఎస్సీ విద్యార్థులకు కేంద్రం ఇచ్చే పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ నిబంధనల్లో ఒక మెలిక ఉంది. ఒక స్థాయి చదువు పూర్తిచేసి, మళ్లీ అదే స్థాయిలో ఇంకో సబ్జెక్టు చదివితే ఇవ్వరు; బీఏ అయ్యాక బీకాం చేసేవాళ్లకు లేదని ఉదాహరణ కూడా అందులోనే ఇచ్చారు. రాష్ట్రం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంటును అడిగేటప్పుడు మొదటి మాటగా "నాకు ఇదివరకే డిగ్రీ ఉంది" అని చెప్పండి. ఆ మాట దాచి తెచ్చుకున్న భరోసా మూడో ఏట తుస్సుమంటుంది.

వడ్డీ రాయితీలోనూ ఇదే మెలిక. కుటుంబ ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఉంటే, చదివినంత కాలం, ఆపైన ఏడాది, విద్యారుణం వడ్డీని కేంద్రమే కట్టే పథకం ఉంది. కానీ తొలి డిగ్రీకో, పీజీకో, ఏదో ఒకదానికి ఒక్కసారే. ఫార్మాసిటీ అమ్మాయికి బీఎస్సీ నర్సింగ్ రెండో డిగ్రీ. ఆ రాయితీని ఎమ్మెస్సీకి అట్టేపెట్టుకోవడమే ఆమెకు నయం. బ్రాండిక్స్ అమ్మాయి మొదటి రోజు నుంచే అడగవచ్చు.

మూడోది, సీటు. విశాఖలో ప్రభుత్వ నర్సింగ్ కాలేజీ ఉంది. అక్కడ సీటొస్తే ఫీజు గురించి ఇంత రాయాల్సిన పనే లేదు. అనకాపల్లి నుంచి రైలు సీజన్ టికెట్ తీసుకుని రోజూ వెళ్లొచ్చేవాళ్లూ ఉంటారు; క్లినికల్ డ్యూటీ ఉదయాన్నే కాబట్టి ఏ బండి ఎప్పుడు విశాఖ చేరుతుందో చూసుకున్నాకే హాస్టల్ వద్దనుకోండి. ప్రైవేటు కాలేజీ అయితే ఫీజు కాగితం అడిగి తీసుకుని, కింది దాకా చదవండి. ట్యూషన్ ఫీజు పెద్దక్షరాల్లో ఉంటుంది. దాని కింద హాస్టల్, బస్సు, యూనిఫాం, యూనివర్సిటీ రిజిస్ట్రేషన్, పరీక్ష ఫీజు, ఆస్పత్రికి కట్టే క్లినికల్ ఫీజు, చివర "ఇతరములు". ఈ చివరి గడిలో ఎంత పడుతుందో రాయించుకుని స్టాంపు వేయించుకోండి. బ్యాంకు అప్పు లెక్క కట్టేది ఆ కాగితం మీదే. "బెంగళూరులో సీటు, హాజరు అక్కర్లేదు" అనే బ్రోకరుకు మాత్రం టీ కూడా ఇప్పించొద్దు.

నాలుగోది, చాలామంది లెక్కలో రాయనిది: పోయే జీతం. పగలంతా తరగతులు, వార్డులు. ఉద్యోగం చేస్తూ చదివే చదువు కాదిది. నెలకు పదిహేను వేలు తెచ్చే మనిషి నాలుగేళ్లు ఇంట్లో ఇవ్వలేని సొమ్ము ఏడు లక్షల ఇరవై వేలు. చాలా ఇళ్లలో ఫీజుకన్నా ఇదే పెద్ద గొయ్యి. దీన్ని పూడ్చడానికి కంపెనీలో ఐదేళ్లు నిండాయో లేదో చూడండి; నిండితే గ్రాట్యుటీ వస్తుంది, పీఎఫ్ తీసినా పన్ను పడదు. ఐదేళ్లు నిండడానికి కొద్ది నెలల ముందు రాజీనామా ఇచ్చేవాళ్లను చూస్తే నాకు ఉసూరుమంటుంది.

అప్పు ఐదోది. విద్యాలక్ష్మి పోర్టల్లో ఒక్క దరఖాస్తుతో మూడు బ్యాంకులను అడగొచ్చు. నాలుగు లక్షల దాకా తాకట్టు లేదు, మన వాటా కూడా పెట్టక్కర్లేదు. ఏడున్నర లక్షలు దాటితేనే ఆస్తి పత్రాలు అడుగుతారు. పెళ్లయినవాళ్లయితే భర్తో, అత్తమామలో, కన్నవాళ్లో తోడుగా సంతకం చేయాలి. ఇంట్లో ఆ మాట ముందే తేల్చుకోండి. కన్వీనర్ సీటుకు ఇచ్చినంత సులువుగా మేనేజ్‌మెంట్ సీటుకు ఇవ్వరు.

ఏడాదికి లక్ష చొప్పున నాలుగు లక్షలు, పది శాతం వడ్డీకి తీసుకున్నారనుకుందాం. చదువు అయ్యాక ఇంకో ఏడాది దాకా వాయిదా కట్టక్కర్లేదు. కానీ ఈ ఐదేళ్లలో బారువడ్డీయే లక్షా నలభై వేలవుతుంది. అది అసలులో కలిసి 5 లక్షల 40 వేలవుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు ఏడు వేల పైన. కొత్త నర్సు జీతంలో అది చిన్న మొత్తం కాదు. అదే, వడ్డీ మటుకు ఎప్పటికప్పుడు కడితే మొదటి ఏడాది నెలకు 833 రూపాయలు, నాలుగో ఏడాది 3,333. అసలు నాలుగు లక్షల దగ్గరే ఉంటుంది. పాత పన్ను పద్ధతిలో 80ఈ కింద వడ్డీకి మినహాయింపు ఉందని చెబుతారు. పన్ను పడేంత జీతం వచ్చేదాకా దానితో పనిలేదు. రెండు రూపాయల వడ్డీకి బయట తెస్తే ఏడాదికి 24 శాతమని మరిచిపోవద్దు. బంగారం కుదువ పెట్టడం బ్యాంకు డబ్బు చేతికొచ్చేలోగా మొదటి విడత కట్టడానికైతే సరే, నాలుగేళ్లకైతే వద్దు.

ఇక ఎమ్మెస్సీ. 2020 డిసెంబరులో జీవో 77 ప్రైవేటు కాలేజీల పీజీని ఫీజు రీయింబర్స్‌మెంట్ నుంచి తప్పించింది. చేరే ఏటి ఉత్తర్వు చూడకుండా ఆ సొమ్మును లెక్కలో వేసుకోవద్దు. అట్టేపెట్టుకున్న వడ్డీ రాయితీ ఇప్పుడు వాడుకోవాలి. తప్పనిసరిగా చేయాల్సిన ఆ ఒక్క ఏడాది ఉద్యోగాన్ని రెండు, మూడేళ్లకు పెంచి పాత అప్పు కొంత తీర్చాకే చేరడం మంచిదని నా అభిప్రాయం.

రాజీనామా చివరి పని. సీటు కేటాయింపు పత్రం, బ్యాంకు మంజూరు పత్రం రెండూ చేతికి వచ్చేదాకా ఆ కాగితం రాయకండి.